జరిగింది

విచారణ పదకొండో రోజు.
ఇన్వర్‌కెల్ టౌన్‌హాల్లో హీటర్లు పనిచెయ్యలేదు.
తడిసిన ఉన్ని కోట్ల వాసన.
సముద్రం మీంచి వచ్చిన పొగమంచు
కిటికీ అద్దాలకి చెవి ఆనించి వింటోంది.

నేను మాటలు రాసుకునేదాన్ని.
ఎవరేమన్నా, దగ్గినా, తడబడినా
ఉన్నదున్నట్టు కాగితం మీదికి దించడం నా కొలువు.
నా అభిప్రాయం ఎవరూ అడగరు,
జీతంలో అది లేదు.

చీఫ్ కానిస్టేబుల్ రాట్రే వచ్చాడు.
తలుపు ఇంకొకరు తీసి పట్టుకుంటేనే లోపలికొచ్చే అలవాటు.
టోపీ బల్ల మీద పెట్టాడు, బిళ్ళ హాలుకేసి తిప్పి.
మొదటి గంటంతా సర్వీసు గురించి:
ఓడరేవు ముఠాల్ని నేను అణిచాను,
రాత్రి గస్తీ నేను రెట్టింపు చేశాను,
నేను, నేను...
నా వేళ్ళకి ఆ మాట బాణీ పట్టుబడింది.

అప్పుడు వకీలు ఇషబెల్ క్రోమార్టీ
ఆ ఫిబ్రవరి రాత్రి సంగతి అడిగింది.

"పొరపాటు జరిగింది" అన్నాడు.

ఎంత శుభ్రమైన మాటో చూడండి.
దానికి చేతుల్లేవు, బూట్లు లేవు.
వాన పడ్డట్టు, తెల్లారినట్టు
దానంతటదే జరుగుతుంది.
ఇరుకైతే పక్కకి కూడా జరుగుతుంది.
అలాగే జరిగింది:
పై కుర్చీలోంచి డిప్యూటీ కుర్చీలోకి,
అక్కణ్ణించి ఇన్‌స్పెక్టర్ ఒళ్ళోకి,
అక్కడా చోటు చాలక
బెంచీ చివర సగం గాల్లో కూర్చున్న
ఇరవై నాలుగేళ్ళ ఐల్సా మ్యూర్ దాకా.
ఆమెకి అవతల గోడ.

వారంటులో 3/1. మూడో అంతస్తు, మొదటి వాటా.
టైపులో 1/3 అయింది. మొదటి అంతస్తు, మూడో వాటా.
అక్కడ టోర్క్విల్ బేన్,
నలభై ఏళ్ళు చేపల వలలు బాగుచేసినవాడు.
పడుకోబోయే ముందు
చెవి మిషన్ తీసి సాసర్లో పెడతాడు.
"పోలీస్" అని మూడుసార్లు అరిచారట.
అరిచారు, అబద్ధం కాదు.
అతను చీకట్లో కళ్ళజోడు కోసం చెయ్యి చాపాడు.
ఇనప పొయ్యి అంచు తలకి తగిలింది.

"చిరునామాలు రెండోసారి సరిచూసే ముగ్గురి ఉద్యోగాలు
ఎత్తేసిన కాగితం మీద సంతకం ఎవరిది?"
నిశ్శబ్దాన్ని నేను సెకన్లలో రాస్తాను.
తొమ్మిది.
"సంతకం నాదే. నిర్ణయం మాత్రం
సమష్టిగా తీసుకోబడింది."
ఆ రాత్రి పడినవాడు టోర్క్విల్ ఒక్కడే అనుకున్నాను,
ఇక్కడ క్రియలు కూడా పడిపోతున్నాయి.

"దీన్నుంచి మనమందరం నేర్చుకోవాలి" అన్నాడు చివరికి.
ముందు వరసలో మోరాగ్ బేన్ తలెత్తింది.
"మనం అంటే నేను కూడానా అయ్యా?
మా అన్న పోయాడు.
నన్నేం నేర్చుకోమంటారు?"
జడ్జిగారు ఆమెని కూర్చోమన్నారు.
ఆమె కూర్చునే ఉంది.

ఐల్సా వంతు వచ్చేసరికి మూడున్నర, చీకటి పడుతోంది.
ఒంటి మీద యూనిఫాం లేదు. చేతిలో కాగితమూ లేదు.
"తలుపు నేను పగలగొట్టాను.
ఆయన్ని నేను తోశాను.
నంబరు మీద అనుమానమొచ్చి పైకి అడిగాను.
త్వరగా కానియ్యమన్నారు.
ఇంకోసారి అడగలేదు, నేను."

పదకొండు రోజుల్లో
చేతులున్న వాక్యాలు అవే రాశాను.
రాట్రే తన టోపీ లోపలి చెమట పట్టీ కేసి చూస్తున్నాడు.

అందరూ లేచాక
మోరాగ్ సంచీ తెరిచి
ఆ చెవి మిషన్ తీసి
టోపీ పక్కన పెట్టింది.
అన్న పోయినా బ్యాటరీ మారుస్తూనే ఉందట.
బల్ల చెక్క మీద అది సన్నగా కీచుమంది.

ఇంకా మిషను కట్టెయ్యమని ఎవరూ చెప్పలేదు.
కాబట్టి రాశాను:
"ఒక శబ్దం వినబడింది."

ఎవరికి అన్నది రాయలేదు.